మా మావయ్య వేణువుల పెట్టె

మా మావయ్యకు పిల్లనగ్రోవి వాయించడం అంతంతమాత్రంగానే వచ్చు. ఆయన మోహన రాగం ఎత్తుకుంటే మా అమ్మమ్మ కోళ్లను గంప కింద పెట్టాలన్న నెపంతో దొడ్లోకి వెళ్లిపోయేది. అయినా సరే, గోదావరి డెల్టాలోని లొల్ల లాకుల నుంచి కాలువ వెంబడి దిగువ ఊళ్ల దాకా ఎవరి వేణువుకు ఏమయినా అది మా అమ్మమ్మగారి అరుగు మీదకు రావలసిందే. భజన మండలివాళ్లు వచ్చేవారు. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న బడిపంతుళ్లు వచ్చేవారు. ఆ లాకుల దగ్గర పనిచేసే మావయ్యతో "లస్కరుగారూ, కాస్త దీని సంగతి చూడండి" అని చేతిలో పెట్టి, మజ్జిగ తాగి, నాలుగు ఊళ్ల కబుర్లు చెప్పి వెళ్లేవారు. మావయ్య ఎవరినీ డబ్బులు అడగలేదు, ఎవరూ ఇచ్చిన గుర్తూ లేదు. అరటి గెలలు, పనసకాయలు మాత్రం ఇంటికి వస్తూనే ఉండేవి.

ఒకసారి నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టే ఆయన వచ్చాడు. ఆయన తెచ్చింది బంగారు రంగు కాగితం అంటించిన ఉత్త వెదురు ముక్క. దానికి రంధ్రాలు కూడా లేవు, నల్ల రంగుతో చుక్కలు పెట్టి ఉన్నాయి. కాగితం ఊడిపోతోందట. మావయ్య నవ్వకుండా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మైదాపిండి ఉడకబెట్టి జిగురు చేయించి, కాగితం మళ్లీ అంటించి పంపించాడు. ఆయన వెళ్లాక మేమంతా పడీ పడీ నవ్వితే, "వందల మంది ముందు పట్టుకుని నిలబడే వస్తువురా అది, మీకేం తెలుసు" అని కసిరాడు.

మావయ్య ఉద్యోగం ఇరిగేషన్ శాఖలో. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టా కాలువలు పొలాలకు నీళ్లిస్తే చాలదు, పడవలు కూడా నడవాలన్నది కాటన్ దొర ఆలోచన. నీటిమట్టం మారే చోట్ల లాకులు కట్టింది అందుకే. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూసి, లోపలి నీటిని అవతలి మట్టానికి తెచ్చి, అప్పుడు ముందు తలుపులు తీయాలి. ఆ పని చూసే లస్కర్లలో మావయ్య ఒకడు. నేను ఎరిగేనాటికి, అంటే 1970ల చివరికి, లారీలు బాగా పెరిగి పడవలు పలచబడ్డాయి. ఎప్పుడో ఒక కొబ్బరికాయల పడవ వచ్చేది. మిగతా సమయమంతా మావయ్య లాకు పక్కన రావిచెట్టు కింద కూర్చుని ఎవరిదో ఒక వేణువును చూసుకుంటూ ఉండేవాడు. పడవలు తగ్గడం వల్ల ఎవరికి ఎంత నష్టమో నాకు తెలియదు గానీ మా చుట్టుపక్కల వేణువులకు మాత్రం మేలే జరిగింది.

మేము రాజమండ్రిలో ఉండేవాళ్లం. సెలవులు ఇవ్వగానే నన్ను అమ్మమ్మగారింట్లో దింపేవారు. మావయ్యకు పిల్లలు లేరు. కాబట్టి ఆయన ఆకుపచ్చ రేకు పెట్టె తాళం తీసే అధికారం నాదే.

పెట్టె మూత తీయగానే వచ్చే వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఎండిన వేపాకు, నువ్వుల నూనె, తేనె మైనం కలిసిన వాసన అది. ఒక పక్క తుడుపు పుల్లలు, పాత పంచె చింపిన గుడ్డలు, కోడి ఈకలు. మరో పక్క వలలు అల్లే నైలాన్ దారం కండెలు, సన్నని గరుకు కాగితం, పగిలిన గాజు పెంకు, విరిగిన గొడుగు నుంచి పీకిన ఊచ ఒకటి. ఆ గొడుగు ఊచ పని తర్వాత చెబుతాను.

తుడవడం గురించి మావయ్యకు పట్టింపు ఎక్కువ. వాయించడం ఆపిన మరుక్షణం తుడవాలి, కాఫీ తాగి వచ్చాక కాదు అనేవాడు. మన ఊపిరిలోని ఆవిరి వెదురు గోడను తాకి నీరవుతుంది. కొంతసేపు వాయించి వేణువును వంచితే చివర నుంచి చుక్కలు రాలతాయి. లోపలి గోడ తడిసి ఉబ్బుతుంది, బయటి గోడ పొడిగానే ఉంటుంది. వెదురు నారలన్నీ నిలువుగా సాగి ఉంటాయి కాబట్టి ఉబ్బినా ముడుచుకున్నా ఆ మార్పు నిలువులో కన్నా చుట్టుకొలతలోనే ఎక్కువ. అందుకే వేణువు పగిలితే నిలువునా పగులుతుంది. ఇదంతా ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. పగిలిన వేణువులను తిప్పి తిప్పి చూసి తెలుసుకున్నాడు.

తుడుపు పుల్లలు తనే చేసుకునేవాడు. వెదురు బద్దను చాకుతో చెక్కి, గాజు పెంకుతో గీకి నున్నగా చేసి, కొనను గుండ్రంగా అరగదీసేవాడు. పుల్లను వేణువు పక్కన పెట్టి, లోపల గొట్టాన్ని మూసే కణుపు ఎక్కడ ఉందో కొలిచి, అక్కడికి వేలెడు తక్కువలో పుల్లకు ఎర్ర దారం చుట్టేవాడు. గుడ్డ తొడిగిన పుల్ల ఆ దారం దాకానే లోపలికి వెళ్లాలి. దారం దాటితే పుల్ల వెళ్లి కణుపుకు గుద్దుకుంటుంది. కణుపు దగ్గర గోడకు చిన్న దెబ్బ తగిలినా శబ్దంలో తేడా వస్తుందని ఆయన నమ్మకం. కణుపు బదులు బిరడా బిగించిన వేణువులయితే ప్రమాదం మరీ ఎక్కువ. బిరడా కాస్త జరిగినా కింది స్థాయికి పై స్థాయికి పొంతన చెడిపోతుంది.

గుడ్డ విషయంలో ఇంకా పట్టింపు. కొత్త గుడ్డ పనికిరాదు, దానికి గంజి ఉంటుంది, తడి పీల్చదు. కాలువ నీళ్లలో ఉతికి ఉతికి నీరుకావి తిరిగిన తాతయ్య పంచె అయితేనే మెత్తగా ఉంటుంది. గుడ్డను పుల్లకు చుట్టి, కొన మీద ఒక మడత అదనంగా వేసి, నెమ్మదిగా తోసి, తీసేటప్పుడు తిప్పుతూ తీయాలి. తీసిన గుడ్డను అరచేతికి అద్ది తడి ఎంత ఉందో చూసేవాడు. మళ్లీ పొడి కొసతో ఒకసారి తుడిచేవాడు. ఆ తర్వాత కూడా వేణువును సంచిలో పెట్టనిచ్చేవాడు కాదు. చిలక్కొయ్యకు తగిలించిన తాడు ఉచ్చులో, తెరిచి ఉన్న కొస కిందికి ఉండేలా, కాసేపు గాలికి వేలాడాలి.

ఇక గొడుగు ఊచ. గుడ్డ మరీ లావుగా చుడితే లోపల బిగుసుకుపోతుంది. పుల్ల బయటికి వచ్చి గుడ్డ లోపలే ఉండిపోతుంది. ఆత్రేయపురం వైపు నుంచి ఒక మాస్టారు అలాంటి వేణువు పట్టుకుని సైకిలు మీద వచ్చారు. ఇంట్లో చాలా ప్రయత్నాలు చేశారట, ఇనుప చువ్వ కూడా పెట్టి పొడిచారట. మావయ్య ఆ మాట విని కళ్లు మూసుకున్నాడు. తర్వాత గొడుగు ఊచ కొసను పటకారుతో కొక్కెంగా వంచి, కొక్కెం మొన గోడకు గీసుకోకుండా దారం చుట్టి, లోపలికి పంపి, గుడ్డ అంచు తగిలేదాకా ఓపికగా వెతికాడు. గుడ్డ బయటికి వచ్చేసరికి ఆ మాస్టారు రెండు చేతులూ జోడించారు. "గుడ్డ సన్నం చేయండి మాస్టారూ, రెండుసార్లు తుడిస్తే పోలా" అన్నాడు మావయ్య. పిల్లలకు లెక్కలు చెప్పే ఆ మాస్టారు తల ఊపి, బుద్ధిగా విని వెళ్లారు.

మా ఇంట పిల్లలకు ఉన్న పెద్ద బాధ ఇంకొకటి. ఆత్రేయపురం దగ్గర ఊరు కదా, ఇంట్లో పూతరేకులకు ఎప్పుడూ కొదవ లేదు. పూతరేకు నోట్లో పెట్టుకుంటే రేకు కరిగిపోతుంది గానీ నెయ్యి, పంచదార పొడి పెదవులకు అంటుకునే ఉంటాయి. ఆ నోటితో వేణువు ముట్టుకుంటే మావయ్య ఊరుకునేవాడు కాదు. తిన్నవాడు నోరు పుక్కిలించాలి, చేతులు కడుక్కోవాలి, అప్పుడు కూడా కాసేపు ఆగాలి. తీపి ఎంగిలి గోడకు పట్టిందంటే ముందు జిడ్డు, తర్వాత బూజు, ఆ పైన చీమలు. ఒక భజన మండలి వేణువు మా ఇంటికి వచ్చినప్పుడు లోపల నుంచి ఎర్రచీమలు బారు కట్టి దిగాయి. ప్రసాదాల మధ్యలో వాయిస్తారు, ఏం చేస్తారు పాపం. మావయ్య దాన్ని అరుగు చివర పెట్టి, చీమలు వాటంతట అవి దిగిపోయేదాకా ముట్టుకోలేదు. తర్వాత కాస్త తడి గుడ్డతో లోపల జిడ్డంతా తీసి, పొడి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టాడు. వేణువుకు నీళ్లు తగలనివ్వని మనిషి తడి గుడ్డ పట్టుకోవడం చూసి నేను ఆశ్చర్యపోయాను. "మురికి పోవాలంటే తడి కావాలి, తడి పోవాలంటే ఓపిక కావాలి" అన్నాడు.

నూనె గురించి మా కోనసీమలో ఎవరినడిగినా కొబ్బరి నూనె రాయమనే చెబుతారు. ఊరంతా కొబ్బరి తోటలే, గానుగ పక్కనే. మావయ్య మాత్రం ఒప్పుకునేవాడు కాదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున సీసాలో కొబ్బరి నూనె తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. అది లోపలి గోడ మీదా గడ్డకడుతుంది, దాని మీద దుమ్ము పేరుకుంటుంది అనేవాడు. ఆయన వాడింది నువ్వుల నూనె. రాజమండ్రి నుంచి ఎవరైనా వస్తుంటే ఆవనూనె తెప్పించుకునేవాడు. ఉత్తరాదిన వెదురు వేణువులకు ఎక్కువగా వాడేది అదేనని ఎవరో చెప్పారట. ఏ నూనె అయినా సరే, కోడి ఈకను ముంచి, సీసా అంచుకు రాసి ఎక్కువైన నూనె దిగిపోయేలా చేసి, అప్పుడు లోపల తిప్పాలి. గోడ మెరిస్తే చాలు, కారకూడదు. ఒక రాత్రి వదిలేసి పొద్దున్నే పొడి గుడ్డతో మిగిలినదంతా తుడిచేయాలి. ఊదే రంధ్రం అంచుకు మాత్రం నూనె తగలకూడదు. గాలి చీలి స్వరంగా మారేది ఆ అంచు మీదే. అక్కడ జిడ్డు చేరితే నాదంలో బుసబుస వినబడుతుంది. నూనె రాస్తే వెదురులోకి తడి వెళ్లడం, రావడం రెండూ నెమ్మదిస్తాయి, అంతే. నూనె పోసిన కొద్దీ వేణువు బాగుపడుతుందనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పచ్చడి జాడీలో ఊరేయడానికి అదేమీ మామిడికాయ కాదు.

రంధ్రాల అంచుల్లో వేళ్ల చెమట, దుమ్ము కలిసి నల్లగా పేరుకుంటుంది. దాన్ని చాకు మొనతో గీకేవాళ్లంటే మావయ్యకు ఒళ్లు మంట. రంధ్రం పిసరంత పెద్దదయినా ఆ స్వరం ఎక్కుతుంది, ఎక్కిన స్వరం మళ్లీ దిగదు. దించాలంటే రంధ్రం అంచున తేనె మైనం పెట్టడం ఒక్కటే దారి. అలా మైనం పెట్టించుకున్న వేణువులు మా ఇంటికి చాలానే వచ్చేవి. ఎండాకాలంలో ఆ మైనం మెత్తబడి వేలికి అంటుకుని వచ్చేసేది, వాళ్లు మళ్లీ వచ్చేవారు.

గాలి పోతోందన్న వేణువును పరీక్షించడంలో నాకు ఒక ఉద్యోగం ఉండేది. కర్ణాటక వేణువుకు స్వర రంధ్రాలు ఎనిమిది. వాయించేటప్పుడు వేళ్లు ఆడేది ఏడింటి మీదే, చివరిది తెరిచే ఉంటుంది. పరీక్షకు మాత్రం అన్నీ మూయాలి. ఏడు రంధ్రాలు మావయ్య వేళ్ల కింద, ఎనిమిదోది నా చూపుడు వేలి కింద, తెరిచి ఉన్న కొస నా అరచేతిలో. అప్పుడు ఆయన ఊదే రంధ్రానికి పెదవులు ఆనించి గాలి లోపలికి పీల్చేవాడు. గోడ బాగుంటే నా అరచేతి చర్మం లోపలికి లాగినట్టు ఉండేది. లాగుడు నిలవకుండా సడలిపోయిందంటే ఎక్కడో కంటికి కనబడని నెర్రె ఉందన్నమాట. ఒకసారి లాగుడు రాలేదంటే "నువ్వు వేలు సరిగ్గా పెట్టలేదు" అనేవాడు, రెండోసారీ రాకపోతే భూతద్దం తీసేవాడు.

నెర్రె దొరికాక దారం కట్టడం చూడవలసిన పని. ముందు లక్కను కరిగించి పుల్లతో నెర్రెలోకి పట్టించి, పైన మిగిలినది గీకేసేవాడు. దారానికి మైనం పట్టించేవాడు. దారం కొసను ఉచ్చుగా మడిచి నెర్రె మీద నిలువుగా పరిచి, దాని మీదుగా బొంగరానికి తాడు చుట్టినట్టు చుట్టుపక్కన చుట్టు, ఒకదాన్నొకటి తాకుతూ, ఎక్కడా ఎక్కకుండా చుట్టుకుంటూ వెళ్లేవాడు. ఒక చేత్తో వేణువు తిప్పుతూ, దారం అవతలి కొసను కాలి బొటనవేలికి చుట్టి బిగువు పట్టేవాడు. సరిపడా చుట్లు అయ్యాక దారాన్ని కోసి, ఆ కొసను మొదట పరిచిన ఉచ్చులో దూర్చి, ఉచ్చు రెండో కొసను పట్టి లాగేవాడు. ఉచ్చు చుట్ల కిందికి జారిపోయేది, దాంతో పాటు దారం కొస కూడా లోపలికి వెళ్లిపోయేది. పైకి ముడి అన్నది కనబడదు. కనబడని ఆ ముడి చూడాలని చుట్టూ మూగేవాళ్లం. గోదారి ఒడ్డున వలలు బాగుచేసే వాళ్ల దగ్గర నేర్చుకున్నాడట. ఏ కట్టు అయినా రెండు రంధ్రాల మధ్య గానీ, కొసలకు గానీ వేసేవాడు. వెదురు ఉబ్బి విచ్చుకోబోతే దారం అడ్డుపడుతుంది.

ఇంత శ్రద్ధ ఎందుకంటే మంచి వేణువు దొరకడం కష్టం. వెదురుకు మనకేం తక్కువ అనిపిస్తుంది. పాపికొండల అడవుల నుంచి వెదురు తెప్పలు గోదావరి మీద రాజమండ్రి దాకా వచ్చేవి, కాగితం మిల్లుకు బోలెడు వెదురు వెళ్లేది. కానీ మన కొండ వెదుర్లలో చాలావాటికి గోడ మందం, కొన్నయితే దాదాపు గట్టి కర్రలే. వేణువుకు పల్చటి గోడ, కణుపుకూ కణుపుకూ మధ్య మంచి పొడుగు, చివరి దాకా ఒకే లావు కావాలి. అలాంటిది అస్సాం నుంచో కేరళ కొండల నుంచో రావాలి. ఎప్పుడైనా మంచి బొంగు చేతికి వస్తే మావయ్య దాన్ని లాకు దిగువన పారే నీళ్లలో రాయి కట్టి వారాల తరబడి ముంచి ఉంచేవాడు. వెదురులో ఉండే పిండి పదార్థం నీళ్లలో కరిగిపోతే పురుగు ఆశించదు. మా వైపు ఇళ్ల కప్పులకు వాడే వెదుర్లను చెరువులో నానవేసేదీ అందుకే. ఆ తర్వాత పొయ్యి పైన అటక మీద నెలల తరబడి పొగకు ఎండబెట్టేవాడు. అటక మీద ఎన్ని బొంగులు ఉండేవో! వాటిలో వేణువయినవి మాత్రం చాలా తక్కువ. మిగతావి అమ్మమ్మ సొరపాదు పందిరికి లాక్కునేది.

పురుగు పట్టిన వేణువు కింద మెత్తటి పసుపు పొడి రాలుతుంది. ఆ పొడి కనబడితే మావయ్య ఆ వేణువును మిగతావాటికి దూరంగా వేరే గదిలో పెట్టేవాడు.

డెల్టాలో వేణువుకు ఒక్కో కాలం ఒక్కో పరీక్ష. వానాకాలంలో గోడలే చెమర్చుతాయి, సంచిలో పెట్టిన వేణువు వారం తిరిగేసరికి బూజు వాసన వేస్తుంది. అందుకే శ్రావణ భాద్రపదాల్లో సంచులన్నీ తీయించి వేణువులను దూలానికి కట్టిన తాళ్లలో పడుకోబెట్టేవాడు. నేల మీద, గోడ మూల ఆనించి పెడితే చెదలు సంగతి చెప్పక్కర్లేదు. వేసవి వస్తే కాలువలు కట్టేస్తారు. ఎప్పుడూ నిండుగా ఉండే కాలువ అడుగున బురద బీటలు వారుతుంది. గాలిలో తేమ తగ్గుతుంది, ఆ రోజుల్లోనే నెర్రెలు మొదలవుతాయి. భజన మండలి ఆయన ఒకరు వేణువును బస్సు కిటికీ పక్క ఎండలో పెట్టుకుని రాజమండ్రి వెళ్లి వచ్చేసరికి ఊదే రంధ్రం నుంచి కొస దాకా విచ్చుకుంది. ఊదే రంధ్రాన్ని చేరిన నెర్రెకు మావయ్య దగ్గర మందు లేదు.

చలికాలం గొడవ వేరు. ధనుర్మాసం భజనలో హార్మోనియం ఒక శ్రుతిలో, వేణువు దానికి కింద. వాయించే ఆయనకు చీవాట్లు. నిజానికి తప్పు ఆయనది కాదు. చల్లటి గాలిలో శబ్దం నెమ్మదిగా నడుస్తుంది, కాబట్టి వేణువు శ్రుతి దిగుతుంది. పది డిగ్రీల తేడా వస్తే అర్ధస్వరంలో, అంటే హార్మోనియం మీద పక్కపక్క మెట్ల తేడాలో, మూడో వంతు దాకా దిగుతుంది, హార్మోనియం మెట్లు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటాయి. "వచ్చేటప్పుడు దుప్పటిలో పెట్టుకుని రా, ముందు కాసేపు ఊరికే ఊదు, గోడ వెచ్చబడ్డాక చేరు" అని మావయ్య సలహా. నిప్పుల దగ్గర కాచుకునేవాళ్లు కూడా ఉండేవారు. వాళ్ల వేణువులు ఎండాకాలం దాకా ఆగకుండానే మా ఇంటికి వచ్చేవి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నాకు కొనిపెట్టిన పిల్లనగ్రోవి సంగతి కూడా చెప్పాలి. ఏకాదశ రుద్రుల ప్రభలు చూడటం అయ్యాక నేను పట్టుబట్టి కొనిపించుకున్నాను. ఎర్ర రంగు పెదవులకు అంటింది. రంధ్రాలు కొలత లేకుండా సమాన దూరంలో కాల్చి పెట్టినవి, ఏ స్వరమూ దాని చోట ఉండదు. మావయ్య దాన్ని కూడా పక్కన పెట్టలేదు. రంగు గరుకు కాగితంతో తీసేసి, రంధ్రాల లోపలి పేళ్లు నున్నగా చేసి, నూనె రాసి, చిన్న తుడుపు పుల్ల చేసి ఇచ్చాడు. శ్రుతి మాత్రం ఆ దేవుడే బాగుచేయాలి అన్నాడు.

1986 నాకు బాగా గుర్తు. మే నెలాఖరున వేణువు మహాలింగం, అందరూ మాలి అని పిలిచే ఆయన, కన్నుమూశారు. రేడియోలో ఆయన కచేరీ వస్తే మావయ్య చేతిలో పని ఏదైనా ఆపేసేవాడు. ఆ ఆగస్టులోనే గోదావరికి పెద్ద వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్లు తెగి కోనసీమలో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. మావయ్య లాకుల దగ్గర నుంచి రోజుల తరబడి ఇంటికే రాలేదు. నీళ్లు తీశాక, జనం ఇళ్లలో ఒండ్రు ఎత్తిపోసుకుంటున్న రోజుల్లో, గోదావరి మధ్యనున్న లంక గ్రామం నుంచి ఒక పెద్దాయన తువ్వాలులో చుట్టిన వేణువు పట్టుకుని వచ్చాడు. ఇంట్లో మిగిలినవాటిలో అదొకటట. లోపలంతా ఒండ్రు గట్టిపడి ఉంది, రంధ్రాలన్నీ పూడిపోయాయి.

మావయ్య దాన్ని మంచినీళ్ల తొట్టిలో పెట్టి ఒండ్రు నానేదాకా ఉంచాడు. ఈక తప్ప ఇంకేమీ లోపల పెట్టలేదు. ఒండ్రులో ఇసుక ఉంటుంది, పుల్లతో రుద్దితే గోడ గీసుకుపోతుంది. బిందెడు నీళ్లు లోపల నుంచి పారించి, చివరికి తేట నీళ్లు వచ్చాక, పైన పొడి పంచె గుడ్డ చుట్టి దూలానికి పడుకోబెట్టాడు. రోజూ గుడ్డ మార్చాడు. ఎండలో పెడితే ఒక్క పూటలో ఆరుతుంది కదా అని అమ్మమ్మ అంటే, "ఆరుతుంది, పగులుతుంది కూడా" అన్నాడు. ఉబ్బిన వెదురు మళ్లీ తన కొలతకు వచ్చేదాకా నూనె కూడా రాయలేదు. తడి మీద నూనె రాస్తే లోపలి తేమ బయటికి రాలేక కుళ్లుతుంది. దసరా సెలవులకు నేను వెళ్లేసరికి కొసలకు కొత్త కట్లు వేసి ఉంది. పెద్దాయన వచ్చి అరుగు మీదే కూర్చుని వాయించాడు. గాంధారం దగ్గర కాస్త జీర వచ్చింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. మావయ్య మాత్రం ఆ జీర గురించి సంక్రాంతి దాకా గొణుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ రేకు పెట్టె హైదరాబాదులో నా దగ్గర ఉంది. తుడుపు పుల్లల మీద ఎర్ర దారం గుర్తులు ఎవరెవరి వేణువుల కొలతలో నాకు తెలియదు, నా వేణువుకు వాటిలో ఒక్కటీ సరిపోలేదు. కొత్తది చెక్కుకున్నాను. ఇక్కడ బాధ తేమ లేకపోవడం. ఏసీ గదిలో వెదురు మరీ ఎండిపోతుంది, ఫిబ్రవరి దాటితే కట్లు వదులవుతాయి. దుకాణాల్లో దొరికే కొన్ని వేణువులకు లోపల కూడా వార్నిష్ పూస్తున్నారు, చూడటానికి తళతళలాడుతుంది. అది పెచ్చులు లేచిన రోజున తుడుపు గుడ్డకు తగులుకుని సగం లోపల, సగం బయట. పీవీసీ గొట్టంతో చేసిన వేణువులూ వస్తున్నాయి. సబ్బు నీళ్లతో కడిగి ఆరేస్తే సరి, పిల్లలు నేర్చుకోవడానికి అవే మేలని నా అభిప్రాయం. మావయ్య ఉంటే దానికి కూడా ఒక తుడుపు పుల్ల చేసేవాడేమో.

మొన్న మా పెద్దమ్మ కొడుకు అమలాపురం నుంచి ఫోను చేశాడు. వాళ్ల నాన్నగారి వేణువు బీరువాలో ప్లాస్టిక్ సంచిలో ఏళ్లుగా ఉండిపోయిందట, తీసి చూస్తే బూజు, నిలువునా ఒక నెర్రె. "నెర్రె ఎక్కడి దాకా వచ్చింది అన్నయ్యా?" అన్నాను. ఊదే రంధ్రానికి రెండు వేళ్ల దూరంలో ఆగిందన్నాడు. ఈలోగా ఎవరో చెప్పారని కొబ్బరి నూనె పోసి నిలబెట్టాడట. ఆ నూనె ముందు వంపేసి, తుడిచి, ఎండ తగలని చోట వారం రోజులు ఉంచి, అప్పుడు పార్సిల్ చేయమన్నాను. పాత పంచెలో చుట్టమన్నాను. పంచెలు కట్టేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు, చున్నీ అయితే పరవాలేదా అని అడిగాడు. గంజి పెట్టనిదయితే సరేనన్నాను.